రంపపుకోత

రంపం మగవాళ్ళ సామాను అనుకుంటాం గానీ, ఆ మాటని మన ఆడవాళ్ళం వాడినంతగా వడ్రంగులు కూడా వాడి ఉండరు. "అత్తింటి రంపపుకోత పడలేక పుట్టింటికొచ్చేసింది" అంటాం. "నోరు విప్పితే చాలు, రంపంతో కోసినట్టే" అంటాం. నేనే నా నవలల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఇంతా రాసి, అసలు రంపాన్ని చేత్తో ముట్టుకుని ఎరగను. కిందటి ఆషాఢంలో ఆ ముచ్చటా తీరింది.

నిజామాబాదులో మా ఇంటి పెరట్లో ఒక వేపచెట్టుంది. మా డాబా కన్నా ఎత్తు. ఆషాఢపు గాలికి దాని పెద్ద కొమ్మొకటి మొదట్లో చీలి, ప్రహరీ మీదుగా వీధిలోకి ఒరిగింది. చిటారు రెమ్మలు కరెంటు తీగలకి తగిలి, వాన పడ్డప్పుడల్లా చిటపటమని నిప్పులు. "వదినగారూ, మీ కొమ్మ మా ప్రాణాల మీదికి తెచ్చేట్టుంది" అంది పక్కింటావిడ. నవ్వుతూనే అందనుకోండి. నవ్వుతూ అన్నంత మాత్రాన మాట మాట కాకపోదు గదా!

కొమ్మ కొట్టిద్దామన్నారు మా వారు. కొమ్మేమిటి, చెట్టే తీయించేసి ఆ జాగాలో కారు షెడ్డు వేయిద్దామన్నాడు మా అబ్బాయి. "చెట్టు జోలికి పోకుండ్రి" అని మా అత్తమ్మ ఒక్క మాటంది. ఆ మాటని, చెట్టు కిందే కుర్చీ వేయించుకుని కూచుంది.

వెనకటిలా గొడ్డలి భుజాన వేసుకొచ్చే మనుషులు ఇప్పుడెక్కడున్నారు? మిషను పట్టుకొస్తారు. పొద్దున ఇచ్చిన టీ చల్లారేలోగా చెట్టు నేల మీదుంటుంది. ఎలాగూ ఎడపల్లి దగ్గర మాకు మూడెకరాల పొలం ఉంది, గట్ల మీద తుమ్మలున్నాయి. అద్దెకి తెచ్చే బదులు ఒక మిషను కొనేస్తే ఇంటికీ పొలానికీ పనికొస్తుందని తీర్మానమైంది. తీర్మానమైందే గాని ఏ మిషనన్న దగ్గర మళ్ళీ యుద్ధం. పెట్రోలుదంటారు మా వారు. కరెంటుదంటాడు మా అబ్బాయి. "సంసారమన్నాక సర్దుకుపోవాలి, సగం కరెంటు సగం పెట్రోలు ఉండేది అడగండి" అన్నాను నేను. ఇద్దరూ నా వైపు జాలిగా చూశారు.

బజారుకి నేనూ వెళ్ళాను. కొట్టులో రెండు మిషన్లూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. రెంటికీ ముందు కత్తిలా పొడుగాటి పట్టీ, దాని అంచు చుట్టూ పళ్ళున్న గొలుసు. ఒకదానికి తోకలా వైరు, ఇంకోదానికి పొట్టలో టాంకీ. ఏది మంచిదయ్యా అని అడిగితే కొట్టతను తిరిగి నన్నే అడిగాడు. "ఏడ వాడుతరమ్మా? తీగ అందే కాడనా, అందని కాడనా?"

చెప్పొద్దూ, ఆ ప్రశ్న నన్ను రెండు వారాలు కూచోనివ్వలేదు. గిరిరాజ్ కాలేజీలో బి.ఏ. చదివినదాన్ని. మిషన్ల సంగతి తెలియకపోయినా, ఏ వస్తువు ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కోవడం తెలుసు. వెతికాను. వెతికితే ఆ గొలుసు రంపం పుట్టింది అడవిలో కాదు, వడ్రంగి కొట్టంలో కాదు. కాన్పు గదిలో!

నిజమేనండీ. స్కాట్లాండులోని ఎడింబరోలో జాన్ ఎయిట్‌కెన్ అని ఒక డాక్టరుండేవాడు. 1785లో అచ్చయిన తన ప్రసూతి శాస్త్ర గ్రంథంలో ఈ గొలుసు రంపం బొమ్మ వేశాడు. ఆ రోజుల్లో బిడ్డ తల ఇరుక్కుపోయి కాన్పు రాకపోతే, కడుపు కోసి బిడ్డని తీయడమంటే దాదాపు తల్లిని వదులుకోవడమే. అందుకని ముందువైపు కటి ఎముకలు రెండూ కలిసే చోట కోసి, దారి వెడల్పు చేసేవారు. కత్తితో కోస్తే లోపలి భాగాలకి దెబ్బ తగులుతుంది. దానికోసం కనిపెట్టిందే ఈ రంపం. గడియారంలో ఉండే సన్నని గొలుసు చూడండి, అలాంటిదానికి ఒక వైపు పళ్ళు, రెండు చివర్లా రెండు పిడులు. ఎముక చుట్టూ తిప్పి అటూ ఇటూ లాగడమే. గ్లాస్గోలో జేమ్స్ జెఫ్రీ అనే డాక్టరు కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇలాంటిది చేయించి, కుళ్ళిన కీళ్ళ ఎముకలు తీయడానికి వాడాడు.

తర్వాత 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైన్ దీన్ని ఇంకాస్త ముందుకి తీసుకుపోయాడు. గొలుసుని ఒక పట్టీ చుట్టూ అమర్చి పిడి పెట్టాడు. మనం కుట్టుమిషను చక్రం తిప్పినట్టు పిడి తిప్పితే గొలుసు పట్టీ చుట్టూ పరుగెడుతుంది. ఆ బొమ్మ చూస్తే కొట్టులో చూసిన మిషనుకి తాతగారిలా ఉంటుంది. 1894లో ఇటలీ ప్రసూతి వైద్యుడు లియొనార్డో జిగ్లీ గొలుసు కూడా అక్కర్లేకుండా పళ్ళలాంటి గరుకున్న తీగతోనే రంపం చేశాడు. జిగ్లీ రంపాన్ని సర్జన్లు ఇప్పటికీ వాడుతున్నారు.

ఇవన్నీ ఎందుకోసం? వేగం కోసం. మొదటి రంపాల నాటికి మత్తుమందు లేదు. రోగి స్పృహలో ఉండగానే ఎముక కోయాలి. ఎంత త్వరగా కోస్తే అంత దయ. 1847లో అదే ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ కాన్పులకి క్లోరోఫారం వాడిన తర్వాతే తల్లులకి ఆ నరకం కొంత తగ్గింది. ఆ క్లోరోఫారం ప్రమాదమా కాదా అని పెద్ద వాదం నడిచినప్పుడు, దాన్ని తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో ఒకసారి కమిషన్లు కూర్చున్నది ఎక్కడో కాదు, మన హైదరాబాదులో. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బు పెట్టాడు, డాక్టర్ ఎడ్వర్డ్ లారీ నడిపించాడు. ఆ లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూంజీని ప్రపంచంలోనే మత్తుమందు ఇచ్చిన తొలి మహిళా వైద్యుల్లో ఒకరని చెప్పుకుంటారు.

కొత్త సంగతి తెలిస్తే నోరాగదు కదా. ఆ సాయంత్రం వేపచెట్టు కింద అత్తమ్మ పక్కన పీట వేసుక్కూచుని ఇదంతా చెప్పాను. రంపం పేరెత్తితే విసుక్కుంటుందేమో అనుకున్నాను. విసుక్కోలేదు. చాలాసేపు ఊరుకుని, చివరికి అడిగింది.

"గా రంపం అప్పుడుంటె నా పోరడు దక్కునా బిడ్డా?"

ఏ పోరడో నాకర్థం కాలేదు. మా వారే పెద్దకొడుకని పాతికేళ్ళుగా అనుకుంటున్నదాన్ని.

1973లో, మా వారికన్నా ముందు, అత్తమ్మకి తొలిచూలు. బోధన్ అవతల పల్లె. నొప్పులు పట్టి రెండు రోజులైనా కాన్పు రాలేదు. మంత్రసాని ఇక నా వల్ల కాదంది. ఎద్దుల బండి కట్టారు. చెరకు గానుగాడే కాలం, దారి నిండా చెరకు బండ్లు. "ఎవల తప్పు లేదు బిడ్డా. అందరు దిగి ఎడ్లనిడిచి బండ్లు పక్కకు వెట్టిండ్రు. ఒక్కొక్క బండి జరిగెతందుకు ఎంతసేపు! నేను పండుకొని చుక్కలు చూసుకుంట పోయిన." దవాఖానకి చేరేసరికి తెల్లవారింది. తల్లిని బతికించారు. బిడ్డ అప్పటికే పోయాడు.

"మల్ల వానకాలం మీ మామ గీ యాపమొక్క తెచ్చి నాటిండు. ఎందుకని నేనడగలె. ఆయన చెప్పలె."

రంపపుకోత అని సరదాగా మొదలుపెట్టిన నేను, కడుపుకోత దగ్గర ఆగిపోయాను. పాతికేళ్ళ కాపురంలో ఆ చెట్టు కింద ఎన్ని అప్పడాలెండబెట్టానో, ఎన్ని పిల్లల లాగులు ఆరేశానో! ఒక్కనాడూ ఆవిడ చెప్పలేదు. ఆవిడ అడిగినదానికి ఏం చెప్పను? ఆ రంపపు కోతతో బిడ్డలు దక్కినవాళ్ళూ ఉన్నారు. కోత తర్వాత జన్మంతా సరిగ్గా నడవలేకపోయిన తల్లులూ ఉన్నారు. "తెలియదత్తమ్మా" అన్నాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది. ఓదార్చవలసింది నేను, ఓదార్చింది ఆవిడ.

ఆ రాత్రే మా అబ్బాయికి చెప్పాను. కారు షెడ్డు మాట ఆ ఇంట్లో మళ్ళీ వినపడలేదు. కానీ కొమ్మ సంగతి తేలాలి కదా. చీలిన కొమ్మ, కింద పిల్లలు తిరిగే వీధి. కొట్టతని ప్రశ్న మళ్ళీ నా ముందుకొచ్చింది. తీగ అందే చోటా, అందని చోటా?

ఆ ప్రశ్నే ఈ రంపం చరిత్రని రెండుగా చీల్చింది. డాక్టర్ల చేతిలోని గొలుసు అడవికి చేరడానికి నూరేళ్ళ పైనే పట్టింది. మనమంతా ముందు పెట్రోలు మిషను వచ్చి, తర్వాత సుకుమారంగా కరెంటుది వచ్చిందనుకుంటాం. స్టీల్ చేసినవాటిలో మాత్రం కరెంటుదే ముందు. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచే గొలుసు రంపం చేశాడు. ఇద్దరు పట్టుకుంటేగాని కదలదు. దుంగల్ని కోయడానికి బాగానే ఉంది. కానీ చెట్లున్న చోట కరెంటెక్కడిది? అందుకని ఆ మరుసటేడే, 1927లో, ఎమిల్ లెర్ప్ అనే ఇంకో జర్మన్ పెట్రోలు ఇంజనున్న రంపాన్ని డోల్మార్ అనే కొండ మీదికి మోసుకుపోయి పరీక్షించాడు. 1929లో స్టీలూ పెట్రోలు మిషను తెచ్చాడు. దాని బరువు 46 కిలోలు. అంటే సగం బస్తా బియ్యం చేత్తో పట్టుకుని చెట్టు కోసినట్టు! ఒక్కమనిషి పట్టుకోగల పెట్రోలు మిషను స్టీల్ కంపెనీ నుంచి 1950లో గాని రాలేదు. అదీ 16 కిలోలు.

ఇంకొక ముచ్చట చెబుతాను. మిషను తేలికైనా గొలుసు పళ్ళు త్వరగా మొద్దుబారిపోయేవి. 1946లో అమెరికాలో ఒరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే కట్టెలు కొట్టే మనిషి, ఒక మోడులో కొయ్యని తొలుచుకుపోతున్న పురుగుని చూశాడు. అది ముందుకి గీరడం లేదు. దవడలు కుడికీ ఎడమకీ ఆడిస్తూ పొట్టులా చెక్కుకుంటూ పోతోంది. ఆ దవడల్లాంటి పళ్ళే గొలుసుకి పెట్టాడు. ఇప్పటి గొలుసులన్నీ ఇంచుమించు ఆ పురుగు శిష్యులే. మన బియ్యం డబ్బాలో పురుగుని చూస్తే మనకి చేట గుర్తొస్తుంది, ఆయనకి రంపం గుర్తొచ్చింది!

అక్కడ కరెంటు ముందూ ఇంజను వెనకా వస్తే, మన బోధన్ ప్రాంతంలో అంతా తలకిందులు. మా పుట్టిల్లు వర్ని వైపు ఒక క్యాంపు. నిజాంసాగర్ ఆనకట్ట 1923లో మొదలై 1931లో పూర్తయింది. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. మంజీర నీళ్ళు కాలవల్లోకి వచ్చాక, కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కుని క్యాంపులు వేసుకున్నారు. మా తాతగారూ అలా వచ్చినవారే. వాళ్ళు మొదట చేసిన పని దున్నడం కాదు, చెట్లు కొట్టడం. గొడ్డలి, ఇద్దరు లాగే రంపం, అంతే సాధనాలు. పలకలు కావాలంటే గుంత తవ్వి, దుంగని దాని మీద అడ్డంగా పెట్టి, ఒకడు పైనా ఒకడు గుంతలోనూ నిలబడి రోజంతా కోసేవారు. కింద నిలబడ్డవాడి కళ్ళ నిండా పొట్టు. "తాతా, ఒక చెట్టు కొట్టడానికి ఎంతసేపు పట్టేది?" అని చిన్నప్పుడు అడిగితే, "ముందు ఆలోచించడానికి నాలుగు రోజులు, కొట్టడానికి ఒక రోజు" అనేవారు.

ఆ తర్వాత చెరకు వచ్చింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. ఫ్యాక్టరీకి చెరకు తోలగా మిగిలినదాన్ని రైతులు గానుగాడి బెల్లం వండేవారు. మా చిన్నప్పుడు తాతగారు కథలా చెప్పేవారు. మొదట గానుగకి ఎడ్లు. ఎడ్ల తర్వాత ఆయిల్ ఇంజను. ఇంజను వచ్చిన రోజు ఊరంతా చూడ్డానికొచ్చారట. దాని చప్పుడుకి ఎడ్లు పలుపు తెంపుకున్నాయట. కరెంటు మోటారు ఆ తర్వాత. తీగలు పొలాల దాకా రావడానికి 1960లూ 70లూ పట్టాయి మరి. మోటారు వచ్చినా తాతగారు ఇంజను అమ్మలేదు. "తీగ మన చేతిలో ఉండదే అమ్మాయ్, తాడు మన చేతిలో ఉంటుంది" అనేవారు. ఇంజనుకి తాడు చుట్టి లాగితే స్టార్టయ్యేది. పెట్రోలు రంపానికీ ఇప్పటికీ ఆ తాడే!

ఫ్యాక్టరీ మాత్రం అటు తీగకీ ఇటు నూనెకీ చెయ్యి చాచలేదు. చెరకు పిండగా మిగిలిన పిప్పినే బాయిలర్లలో కాల్చి, ఆ ఆవిరితో నడిచింది. తన ఆకలి తనే తీర్చుకునే సంసారం. మొలాసిస్‌ నుంచి ఆల్కహాల్ తీసే డిస్టిలరీ కూడా బోధన్‌లో ఉండేది. ఇప్పుడు ఆ ఆల్కహాలే, ఇథనాల్ అనే పేరుతో, పెట్రోలులో కలుస్తోంది. 2025 నాటికి దేశంలో అది 20 శాతానికి చేరింది. అంటే పెట్రోలు రంపం తాగేదాంట్లో ఐదోవంతు చెరకూ ధాన్యాల సారమన్నమాట! ఫ్యాక్టరీ మాత్రం 2015 డిసెంబరులో మూతపడింది. శక్కర్‌నగర్ దారిలో పోతుంటే ఆ గొట్టాలు చూసి మా వారు ఇప్పటికీ కారు నెమ్మది చేస్తారు.

సరే, కొనేవాళ్ళకి పనికొచ్చే నాలుగు ముక్కలు చెబుతాను. మా ఇంటి యుద్ధంలో నేర్చుకున్నవి.

కరెంటు రంపం తేలిక, పొగ ఉండదు, స్విచ్చి వదలగానే ఆగుతుంది, పక్కింటివాళ్ళ నిద్ర అంతగా చెడదు. మీట నొక్కితే చాలు, తాడు లాగి భుజం నొప్పి తెచ్చుకోనక్కర్లేదు. కానీ మిక్సీ ప్లగ్గులో పెట్టేది కాదు. గీజరుకి వాడే పెద్ద మూడు పుల్లల ప్లగ్గు కావాలి. పెళ్ళిపందిట్లో సీరియల్ లైట్లకి వాడే సన్న వైరు తెచ్చి తగిలిస్తే వేడెక్కి కాలుతుంది. వానలో, తడి నేల మీద వద్దు. వైరు ఎప్పుడూ మన వెనకే ఉండాలి, గొలుసు ముందుకి రాకూడదు.

పెట్రోలు రంపం బలమైంది, లావు మొద్దులకి అదే. పొలం గట్టుకైనా, అడవికైనా వస్తుంది. కానీ బరువు, వేడి, పొగ. చప్పుడు వంద డెసిబెల్స్ దాటుతుంది, చెవులు మూసుకోకుండా వాడకూడదు. పెట్రోలులో 2టి నూనె కొలత ప్రకారం కలపాలి. పుస్తకంలో రాసిన పాళ్ళలోనే. పచ్చళ్ళలో ఉప్పులా చేతివాటం పనికిరాదు. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఉంది గనక, అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి టాంకీలో వదిలేస్తే ఇంజను మొరాయిస్తుంది. ఏడాదికి రెండుసార్లు తీసేవాళ్ళకి ఇదే పెద్ద తలనొప్పి. ఈ మధ్య బ్యాటరీవి కూడా వచ్చాయి. తీగా అక్కర్లేదు, పెట్రోలూ అక్కర్లేదు. చిన్న కొమ్మలకి హాయి. పెద్ద పనికి బ్యాటరీ చాలదు.

ఏదైనా గొలుసుకి నూనె పోస్తుండాలి, పదును చూసుకుంటుండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పట్టీ కొస పైభాగం దేనికైనా తగిలిందా, మిషను ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. దాని చేతికి చిక్కినవాళ్ళకి తప్పించుకునే వ్యవధి ఉండదు. భుజం ఎత్తు దాటి కోయకూడదు. నిచ్చెనెక్కి కోయకూడదు. పమిట కొంగులూ తువ్వాళ్ళూ దగ్గరికి రాకూడదు. కరెంటుది గదా, చిన్నది గదా అనుకోకండి. గొలుసుకి అది ఏ తిండి తిని తిరుగుతోందో తెలియదు.

ఇంకో మాట. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం, మన పెరట్లోదైనా సరే, చెట్టు కొట్టే ముందు అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకి మినహాయింపులున్నాయనుకోండి. కొనే ముందు రంపం గురించి ఎంత అడుగుతామో, కొట్టే ముందు చెట్టు గురించి అంతా అడగాలి.

చివరికి మేం కరెంటుదే కొన్నాం. గట్ల మీద తుమ్మలకి కావలసినప్పుడు పెట్రోలుది అద్దెకి తెచ్చుకోవచ్చు. మా వారు మూతి ముడుచుకున్నారు. ఆయన ముడుచుకున్న మూతి విప్పే రోజూ వచ్చింది, వినండి.

కొమ్మ తీగలకి ఆనుకునుంది గనక ముందు వీధి కరెంటు ఆపించాలి. లైన్‌మన్ వచ్చి కరెంటు ఆపాడు. ఎడపల్లి నుంచి పెద్ద వడ్రంగిని పిలిపించాం. కళ్ళద్దాలు పెట్టుకుని, చేతులకి తొడుగులు వేసుకుని, రంపం పట్టుకుని నిలబడ్డాడు. మీట నొక్కాడు. కిక్కురుమనలేదు. మళ్ళీ నొక్కాడు. లేదు. అప్పుడు తట్టింది మా అందరికీ. వీధి కరెంటు ఆపితే మా ఇంటి కరెంటు మాత్రం ఎక్కడినుంచొస్తుంది! తీగ మీది కొమ్మ కొట్టాలంటే తీగలో కరెంటుండకూడదు. రంపం నడవాలంటే ఉండాలి. మా వారు పక్కకి తిరిగి నవ్విన నవ్వు ఉంది చూశారూ, పెళ్ళిచూపుల్లో కూడా అంత బాగా నవ్వలేదు.

లైన్‌మనే ఉపాయం చెప్పాడు. పొడుగాటి వెదురుకి కొడవలి కట్టి, కరెంటు లేని ఆ అరగంటలోనే తీగల మీది సన్న రెమ్మలన్నీ తెంపేశాడు. మిగిలిన కొమ్మకి మోకు కట్టి, తీగలకి దూరంగా పెరట్లోకి లాగి బిగించారు. తర్వాత కరెంటిచ్చారు. చీలిన మొదలు ఛాతీ ఎత్తులోనే ఉంది, నిచ్చెన అవసరం లేకపోయింది.

వడ్రంగి మొదలుపెట్టే ముందు మాట్లాడాడు. వాళ్ళ నాన్న ఇద్దరు లాగే రంపం మనిషట. "గా రంపానికి ఒక్కటే నీతి అమ్మా. లాగాలె గని నూకొద్దు. నూకితె వంగుతది, ఎదుటోని కష్టం రెండింతలైతది." నేను మా వారి వైపు చూశాను. ఆయన చెట్టు వైపు చూశారు.

ఆ సమయానికి అత్తమ్మ కుర్చీలో లేదు. ఎక్కడుందా అని చూస్తే వంటింటి గుమ్మంలో, ప్లగ్గు దగ్గర, స్విచ్చి మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"నేనెయ్యిమన్నప్పుడే ఏస్త. ఆపుమన్న కాడ ఆపాలె. చీలినంత మట్టుకే."

తీగ పెరట్లో వడ్రంగి చేతిలోంచి, వరండా దాటి, వంటింట్లోకి వచ్చి ఆవిడ వేలి కింద ఆగింది. ఆవిడ స్విచ్చి వేసింది. వడ్రంగి ముందు కింది నుంచి చిన్న గాటు పెట్టాడు, బెరడు చీలుకుపోకుండా. తర్వాత పైనుంచి కోత. పచ్చి వేప పొట్టు మంచులా రాలింది, ఇల్లంతా చేదు వాసన. కొమ్మ మోకు మీదికి ఒరిగీ ఒరగకముందే అత్తమ్మ స్విచ్చి కట్టేసింది. వడ్రంగి ఇంకో రెండు కొమ్మల వైపు చూసి, "ఇవి గూడ తీస్తె నీడ తగ్గుతది గని గాలికి భయముండది" అన్నాడు.

"ఉండనీ" అంది అత్తమ్మ, ప్లగ్గు ఊడబెరికి వైరు చుట్టుకుంటూ.

కోసిన చోట పసుపు పూసింది. చెట్టుకి పసుపు ఏం పని చేస్తుందని నేనడగలేదు. ఆవిడ చెప్పలేదు.